గుండె చప్పుడు ఎక్కడ పుడుతుంది? ‘జీవన్మృతుడు’ అన్న మాటపై ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

అవయవదానం గురించి వార్త వచ్చిన ప్రతిసారీ మన తెలుగు పత్రికలు అలవాటుగా వాడే మాట ఒకటి ఉంది. రోడ్డు ప్రమాదంలో తలకు బలమైన గాయమైన యువకుడు ‘జీవన్మృతుడయ్యాడు’ అని, ఆయన కుటుంబ సభ్యులు పెద్ద మనసుతో అవయవాలను దానం చేశారని రాస్తారు. పది రోజుల క్రితం అటువంటి వార్త ఒకటి చదువుతూ మా చెల్లెలు పత్రికను పక్కన పెట్టి, “అక్కా, జీవన్మృతుడంటే బతికున్నట్టా, పోయినట్టా?” అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె ఊరికే అడగలేదు. అందుకు కారణమైన సంఘటనను, ఆ ప్రశ్నకు శాస్త్రం చెప్పే సమాధానాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలన్న ఉద్దేశంతో కాస్త వివరంగానే ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం మా చెల్లెలి కొడుకు ఉప్పల్ వైపు బండి మీద వెళ్తూ ప్రమాదానికి గురయ్యాడు. వాడికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచిన తర్వాత, ఒక సాయంత్రం వైద్యుడు వరండాలో నిలబడే, ‘బ్రెయిన్ డెడ్’ అని ఆంగ్లంలో రెండు వాక్యాలు చెప్పి, అవయవదానం గురించి ఆలోచించుకోమని లోపలికి వెళ్లిపోయారు. ఆయన మాటలో కఠినత్వం లేదు, కానీ కూర్చోబెట్టి చెప్పే తీరిక కూడా లేదు. చెల్లెలు నన్ను ఐసీయూలోకి తీసుకువెళ్లింది. వాడి ఛాతీ వెంటిలేటర్ లయకు లేస్తూ పడుతూ ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంది. మానిటర్ మీద పచ్చని గీత ఎగసి పడుతుంటే పక్కనే 92 అన్న అంకె మెరుస్తోంది. ఆమె నా అరచేతిని తీసుకొని వాడి ఎడమ రొమ్ము మీద ఆనించి, “కొట్టుకుంటోంది చూడక్కా. ఊరి పిల్లలందరికీ పాఠం చెప్పావు కదా, నువ్వు చెప్పు. గుండె కొట్టుకుంటుంటే మనిషి పోయినట్టెలా అవుతుంది?” అంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినదాన్ని. ఆ ప్రశ్నకు సమాధానం నాకు తెలుసు. అయినా నా చేతి కింద ఆ చప్పుడు వినబడుతుండగా నోరు పెగల్లేదు. కుటుంబం దానానికి ఒప్పుకోలేదు. మర్నాడు తెల్లవారుజామున రక్తపోటు పడిపోయి, ఆ గుండె కూడా ఆగిపోయింది.

ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇది. గుండె కొట్టుకోవడానికి మెదడు అనుమతి అక్కరలేదు. గుండె చప్పుడు గుండెలోనే పుడుతుంది. ఊపిరి సంగతి అలా కాదు. ఊపిరి తీసుకునేందుకు ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానమనే కండరపు పొరకు, పక్కటెముకల మధ్య కండరాలకు ప్రతిసారీ మెదడు కాండం, అంటే మెదడు అడుగు భాగం, నుంచి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞ ఆగిపోతే శ్వాస ఆగుతుంది, శ్వాస ఆగితే ప్రాణవాయువు అందక కొద్ది నిమిషాల్లో గుండె కూడా ఆగుతుంది. లక్షల ఏళ్లుగా మనుషుల మరణంలో ఈ రెండూ వెంటవెంటనే జరిగాయి కనుకనే రెండూ ఒకటేనని మనం అనుకున్నాం. వెంటిలేటర్ వచ్చిన తర్వాత శ్వాస పనిని యంత్రం చేస్తోంది, ప్రాణవాయువు అందుతున్నంతసేపు గుండె తన పని తాను చేసుకుపోతుంది. ఆనాడు నా చేతి కింద కొట్టుకున్నది వాడి గుండె అన్నది నిజమే కానీ, అది వాడు బతికి ఉన్నాడనడానికి సాక్ష్యం కాదు.

ఈ మాట మీద నమ్మకం కుదరాలంటే కళ్లతో చూసినది ఒకటి చెప్పాలి. నేను డిగ్రీ చదివిన రోజుల్లో ప్రయోగశాలలో కప్పను కోసి పాఠం చెప్పేవారు. మా మేడమ్ ఒకరోజు కప్ప గుండెను పూర్తిగా వేరు చేసి, ఉప్పు ద్రావణం పోసిన గాజు గిన్నెలో వేశారు. దానికి మెదడుతో సంబంధం లేదు, ఒక్క నాడి కూడా అంటుకొని లేదు. అయినా అది పాఠం ముగిసేదాకా ముడుచుకుంటూ విచ్చుకుంటూనే ఉంది. మాంసం దుకాణంలో అప్పుడే కోసిన మేక గుండె పళ్లెంలో అదరడాన్ని చూసినవారికి ఇది కొత్త కాదు. దాదాపు 1800 ఏళ్ల కిందటే గాలెన్ అనే వైద్యుడు, దేహం నుంచి వేరైన గుండె కూడా కొంతసేపు కొట్టుకుంటుందని గమనించి రాశాడు. రక్తప్రసరణను 1628లో లోకానికి వివరించిన విలియమ్ హార్వే, చనిపోతున్న జంతువుల గుండెలో అన్నింటికన్నా చివరగా ఆగేది కుడి కర్ణిక, అంటే కుడివైపు పై గది, అని గుర్తించాడు. చివరగా ఆగే చోటే మొదట మొదలయ్యే చోటు అన్న సంగతి తేలడానికి మాత్రం ఇంకో రెండున్నర శతాబ్దాలు పట్టింది.

ఆ ఉప్పు ద్రావణం వెనుక కూడా తెలుసుకోదగిన కథ ఉంది. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెలను ఉప్పు నీటిలో ఉంచి పరిశోధనలు చేసేవాడు. గుండెలు చక్కగా కొట్టుకునేవి. తర్వాత తెలిసిందేమిటంటే, ద్రావణం కలపడానికి స్వేదనజలానికి బదులు కుళాయి నీటిని వాడడం జరిగింది. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కొద్దిసేపటికే నీరసించి ఆగిపోయింది. తేడా అంతా కుళాయి నీటిలో ఉన్న కాల్షియంలో ఉంది. ఎముకలకు, పళ్లకు మాత్రమే పనికొస్తుందని మనం అనుకునే కాల్షియం లేకుండా గుండె కొట్టుకుంటూ ఉండజాలదని 1883లో అలా బయటపడింది. ఆయన పేరుతోనే ఈనాటికీ ఆసుపత్రుల్లో ‘రింగర్ లాక్టేట్’ సీసాలు వేలాడుతున్నాయి.

మెదడు కన్నా గుండె ముందు అనడానికి తల్లి గర్భమే రుజువు. పిండం ఏర్పడిన మూడు వారాలకు, అంటే సుమారు 22వ రోజున, గుండె కాబోయే చిన్న గొట్టం కదలడం మొదలుపెడుతుంది. ఆ సమయానికి మెదడు, వెన్నుపాము కావలసిన నాళం పూర్తిగా మూసుకొని కూడా ఉండదు. ఆజ్ఞ ఇచ్చేవారే ఇంకా తయారు కానప్పుడు ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుంది?

మరి గుండెలో ఎక్కడ? 1852లో జర్మనీకి చెందిన స్టానియస్ కప్ప గుండెకు దారం ముడి బిగించి ఈ ప్రశ్నను పరీక్షించాడు. సిరలన్నీ వచ్చి కలిసే భాగానికీ కర్ణికలకూ మధ్య ముడి వేస్తే, ముడికి పైనున్న సిరల భాగం యథాప్రకారం కొట్టుకుంది, కింది గుండె అంతా ఆగిపోయింది. అంటే పిలుపు పైనుంచి వస్తోందన్నమాట. మనిషి వంటి క్షీరదాల్లో ఆ చోటు ఎక్కడుందో 1906 వేసవిలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఒక పల్లెటూరి ఇంట్లో బయటపడింది. ఆర్థర్ కీత్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త భార్యతో కలిసి సైకిల్ మీద తిరిగి ఇంటికి వచ్చేసరికి, ఆయన దగ్గర పనిచేస్తున్న మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి సూక్ష్మదర్శిని కింద ఒక చిన్న జంతువు గుండె పొరలను చూస్తూ ఉద్వేగంతో ఎదురుచూస్తున్నాడు. ఆ జంతువు మోల్, మట్టిలో బొరియలు చేసుకొని బతికే చుంచు వంటిది. దాని కుడి కర్ణికలో, మిగతా కండరానికి భిన్నంగా ఉన్న కణాల ముద్ద ఒకటి కనిపించింది. ఆ తర్వాత ఎన్నో జంతువుల గుండెల్లో, మనిషి గుండెలో కూడా అదే చోట అదే ముద్ద దొరికింది. 1907లో వారిద్దరూ దాన్ని ప్రకటించారు. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని సిరాకర్ణికా కణుపు అనీ, లయారంభకం అనీ అంటారు. ‘లయారంభకం’ ఎంత చక్కటి మాటో! ఎవరు పెట్టారో కానీ, విషయాన్నంతా ఒక్క పదంలో చెప్పారు.

తల, చేతుల నుంచి చెడు రక్తాన్ని తెచ్చే ఊర్ధ్వ బృహత్సిర కుడి కర్ణికలో కలిసే చోట, గోడలోనే ఈ లయారంభకం ఒదిగి ఉంటుంది. పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు, వెడల్పు మూడు మిల్లీమీటర్లు, అంటే రెండు బాస్మతి గింజలను వరుసగా పేర్చినంత. గుండెను చేత్తో పట్టుకొని చూసినా మామూలు కంటికి అది విడిగా తెలియదు. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే గుండెకు ప్రతి దెబ్బా ఇక్కడి నుంచే బయలుదేరుతుంది.

అది ఎలా జరుగుతుందో చెప్పడానికి నాకు మన గొలుసుకట్టు చెరువుల కన్నా మంచి పోలిక దొరకలేదు. చెరువులోకి వాగు నీరు నిదానంగా చేరుతుంది. మట్టం అలుగు ఎత్తుకు చేరగానే ఒక్కసారిగా అలుగు దూకుతుంది, ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మామూలు గుండె కండర కణం పక్కవారు తట్టేదాకా నిశ్చలంగా ఉంటుంది. లయారంభక కణానికి మాత్రం ఆ నిశ్చలత లేదు. దాని లోపలి విద్యుత్ మట్టం బయటితో పోలిస్తే సుమారు మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గర ఉన్నప్పుడు, పొరలోని కొన్ని సన్నని ద్వారాలు తెరుచుకొని సోడియం అయాన్లు కొద్దికొద్దిగా లోపలికి ఊరుతాయి. మట్టం మెల్లగా పైకి లేచి మైనస్ 40 దగ్గరకు రాగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. అదే అలుగు దూకడం. రింగర్ కుళాయి నీటిలో కనుగొన్న కాల్షియమే ఇక్కడా కథానాయకుడు. అక్కడితో చెరువు పోలిక ఆగిపోతుంది. ఎందుకంటే కణం అలుగు దూకిన వెంటనే పొటాషియాన్ని బయటికి పంపి తన మట్టాన్ని మళ్లీ అడుగుకు దించుకుంటుంది, దించుకున్న క్షణం నుంచే మళ్లీ నిండడం మొదలుపెడుతుంది. ఆ సోడియం ఊటను 1979లో ఆక్స్‌ఫర్డ్‌లో గుర్తించినప్పుడు, మిగతా ద్వారాలు మూసుకునే మట్టం దగ్గర ఇది తెరుచుకోవడం చూసి ఆశ్చర్యపోయిన శాస్త్రవేత్తలు దానికి ‘ఫన్నీ కరెంట్’, అంటే వింత ప్రవాహం, అని పేరు పెట్టారు. ఇప్పుడు గుండె వేగాన్ని తగ్గించడానికి వాడే ఐవాబ్రాడిన్ అనే మాత్ర సరిగ్గా ఆ ఊటనే సన్నగిల్లజేస్తుంది.

పై చెరువు అలుగు దూకాక నీరు కిందికి ఎలా చేరుతుందో కూడా చెప్పాలి. పై గదులైన కర్ణికలకూ కింది గదులైన జఠరికలకూ మధ్య విద్యుత్తును పోనివ్వని నారపొర అడ్డుగా ఉంటుంది. దానిలోంచి పోయే మార్గం ఒక్కటే. ఆ మార్గాన్ని 1893లో విల్‌హెల్మ్ హిస్ చూపించాడు. దాని మొదట్లో ఉన్న రెండో కణుపును, జపాన్ నుంచి జర్మనీకి వచ్చి పనిచేసిన సునావో తవారా 1906లో వివరించాడు. సంకేతం ఈ రెండో కణుపులో సెకనులో పదో వంతు నిలుస్తుంది. ఆ ఆలస్యం లేకపోతే కర్ణికలు రక్తాన్ని కిందికి నింపకముందే జఠరికలు ముడుచుకుంటాయి. ఆపైన పర్కింజీ తంతువుల ద్వారా సంకేతం జఠరికలంతటా ఒక్కసారిగా పాకుతుంది. మనం చెవిపెట్టి వినే ‘లబ్ డబ్’ ఇదంతా అయ్యాక కవాటాలు మూసుకునే శబ్దం మాత్రమే.

మొదటి కణుపు విఫలమైతే గుండె వెంటనే ఆగదు. రెండో కణుపు నిమిషానికి 40 నుంచి 60 సార్లు, అదీ పోతే జఠరికల్లోని తంతువులు 20 నుంచి 40 సార్లు సొంతంగా కొట్టించగలవు. కానీ అంత నెమ్మదైన లయతో మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. అటువంటివారికి అమర్చే పేస్‌మేకర్ గుండెను నడిపే యంత్రం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నెత్తురును తోడదు, తగ్గిపోయిన ఆ మొదటి తట్టును మాత్రమే అందిస్తుంది. 1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ప్రపంచంలోనే మొదటిసారి దాన్ని శరీరం లోపల అమర్చుకున్న ఆర్నె లార్సన్, ఆ తర్వాత యంత్రాలు మార్చుకుంటూ 2001 వరకు జీవించాడు.

ఇక మెదడు పాత్ర ఏమిటి? అది లయను పుట్టించదు, పెంచుతుంది, తగ్గిస్తుంది. వదిలేస్తే లయారంభకం నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి పగ్గం బిగించడం వల్లనే విశ్రాంతిలో అది 70 ప్రాంతానికి దిగుతుంది. భయం వేసినప్పుడు గుండె ఝల్లుమనడం సహానుభూత నాడుల, అడ్రినలిన్ పని. పాఠకులు ఇప్పుడే మణికట్టు మీద వేళ్లు పెట్టి నిదానంగా ఊపిరి పీల్చి వదలి చూడవచ్చు. పీల్చేటప్పుడు నాడి కొద్దిగా వేగమై, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవారిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. అది వేగస్ పగ్గం సడలి బిగిసే తీరు.

హైదరాబాద్‌వాసులకు దీనికి మించిన రుజువు మన కళ్ల ముందే జరిగింది. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబ్లీహిల్స్ వరకు, 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ వరకు మెట్రో రైలులో గుండెను తరలించారు. రెండోసారి 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో దాటారు. ఆ పెట్టెలో ఉన్న గుండె కొట్టుకుంటూ లేదు. పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణంతో దాన్ని ఆపి, మంచు మధ్య ఉంచుతారు. నాలుగు గంటల్లోపు మరొకరి ఛాతీలో కుట్టి, వెచ్చని రక్తం పారనిస్తే, కొన్నిసార్లు తనంతట తానే, కొన్నిసార్లు చిన్న విద్యుత్ తాకిడితో, అది మళ్లీ మొదలవుతుంది. దాత మెదడు ఎప్పుడో ఆగిపోయింది. గ్రహీత మెదడుకూ ఆ గుండెకూ మధ్య నాడులన్నీ తెగే ఉన్నాయి. అయినా దాతతో వచ్చిన రెండు బియ్యపు గింజలంత లయారంభకం తన పని తాను చేసుకుంటుంది. వేగస్ పగ్గం లేదు కాబట్టి మార్చిన గుండె విశ్రాంతిలో కూడా నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. ఆ అంకె చదివినప్పుడల్లా మానిటర్ మీద నేను చూసిన 92 గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ‘జీవన్మృతుడు’ అన్న మాట దగ్గరకు వస్తాను. బతికి ఉండీ చచ్చినవాడితో సమానమైనవాడు అని దాని అర్థం. సాహిత్యంలో ఆ మాటకు చోటుంది. వైద్య వార్తలో మాత్రం అది పొరపాటు. కోమాలో ఉన్నవారికి మెదడు కాండం పనిచేస్తూ ఉండవచ్చు, వారు తమంతట తాము ఊపిరి తీసుకోవచ్చు, కొందరు కోలుకుంటారు. మెదడు మరణంలో కోలుకోవడం అన్నది లేదు. మన దేశంలో 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం మెదడు కాండం మరణాన్ని మరణంగానే గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం కంటిపాపలో వెలుగు వేసి, కనుగుడ్డును తాకి, చెవిలో చల్లని నీరు పోసి, గొంతులో గొట్టం కదిపి, చివరకు వెంటిలేటర్‌ను కాసేపు విడదీసి సొంత ఊపిరి ఉందేమో చూసి, కనీసం ఆరు గంటల తర్వాత అవే పరీక్షలు మళ్లీ చేసి కానీ ధ్రువీకరించదు. అంత జాగ్రత్తతో నిర్ధారించిన మరణాన్ని పత్రిక ‘జీవన్’ అన్న అక్షరాలతో మొదలుపెడితే, ఐసీయూ బయట కూర్చున్న తల్లికి ఏ ఆశ కలుగుతుందో ఆలోచించండి. అవయవాలు ఇచ్చినవారికి ‘బతికుండగానే ఇచ్చేశామేమో’ అన్న దిగులు, ఇవ్వనివారికి ‘ఇంకొన్నాళ్లు ఉంచి ఉంటే లేచేవాడేమో’ అన్న దిగులు, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. మా చెల్లెలు ఆ రెండో దిగులును మూడేళ్లు మోసింది.

కాబట్టి నా విన్నపం ఇది. ‘జీవన్మృతుడు’ అన్న మాటను మీ పత్రిక ఇకపై వాడవద్దు. ‘మెదడు మరణించింది’ అని రాసినా కొందరికి అది ఒక అవయవం సంగతిగానే తోస్తుంది కనుక, ‘మెదడు పూర్తిగా ఆగిపోవడంతో మరణించారని వైద్యులు ధ్రువీకరించారు’ అని పూర్తి వాక్యం రాయండి. దాని కింద, గుండె లయ గుండెలోనే పుడుతుంది కనుక వెంటిలేటర్ మీద ఉన్నంతసేపు మరణం తర్వాత కూడా అది కొట్టుకోవచ్చని ఒక్క వాక్యం చేర్చండి. ఆసుపత్రుల్లో, అవయవదానాలను సమన్వయం చేస్తూ నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ కేంద్రంలో కుటుంబాలతో మాట్లాడే సమన్వయకర్తలకు కూడా ఇదే మనవి. ఆ కబురు తెలుగులో, కూర్చోబెట్టి, గుండె ఎందుకు కొట్టుకుంటోందో చెప్పిన తర్వాతే దానం మాట ఎత్తండి. తరగతి గదిలో ఉన్న నా తోటి అధ్యాపకులకూ ఒక మాట. గుండె బొమ్మ గీయించి భాగాలు గుర్తించమని నేనూ వేలమంది పిల్లలను అడిగాను. లయారంభకానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదని, అందువల్ల కొట్టుకుంటున్న గుండె ఒక్కటే బతుకుకు గుర్తు కాదని అదే గంటలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేను ఆ రెండు నిమిషాలు ఎప్పుడూ కేటాయించలేదు.

ఈ లేఖను పంపేముందు చెల్లెలికి చదివి వినిపించాను. తన పేరు లేకుండా ఒక్క వాక్యం చేర్చమంది. ఆ సాయంత్రం ఎవరైనా పక్కన కూర్చొని ఇదంతా ఇలా చెప్పి ఉంటే, తాను సంతకం పెట్టి ఉండేదాన్నని.

భవదీయురాలు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
బర్కత్‌పుర, హైదరాబాద్